స్పానిష్ పీరియడ్ సీరియళ్ళలో మళ్ళీ మళ్ళీ అవే ముఖాలు: ఎలా గుర్తుపట్టాలి, ఏ వరసలో చూడాలి

మీరు అడిగింది ఇదీ: 'గ్రాన్ హోటల్' మొత్తం చూసేసి 'కేబుల్ గర్ల్స్' మొదలుపెట్టారు. అక్కడి హీరోనే ఇక్కడా ఉన్నాడు. అక్కడి పెద్దావిడే ఇక్కడా ఉంది. మధ్యలో 'వెల్వెట్' పెట్టి చూస్తే అందులోనూ తెలిసిన ముఖాలే. పాత్రలన్నీ కలగాపులగం అయిపోతున్నాయి, స్పెయిన్‌లో నటులు ఇంతమందేనా, వీళ్ళని విడివిడిగా గుర్తుపెట్టుకోవడం ఎలా, వరసగా చూడాలంటే ఏది ముందు అన్నారు. చివర్లో 'వెల్వెట్'లో ఒక కుర్ర డిజైనర్‌ని ఎక్కడో చూశానని, ఎక్కడో అంతుపట్టడం లేదని రాశారు.

నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చిన 2016 నుంచి నేను పాత కాలం కథలతో నడిచే ఈ స్పానిష్ సీరియళ్ళు వదలకుండా చూస్తున్నాను. మొదటి రెండేళ్ళు నాదీ మీ పరిస్థితే. అందుకని కాస్త వివరంగానే రాస్తాను. ముందే ఒక మాట. మీకు ఇబ్బందిగా అనిపిస్తున్న ఈ ముఖాల పునరావృతమే ఈ సీరియళ్ళలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ఒకే మనిషి పనిమనిషిగా, యజమానురాలిగా, మంచివాడిగా, మోసగాడిగా ఎలా మారతారో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. కాకపోతే చూసే పద్ధతి కొద్దిగా మార్చుకోవాలి. ఆ పద్ధతి నాకు నేర్పింది మా అమ్మ.

అమ్మకి ఇంగ్లిష్ రాదు. సబ్‌టైటిళ్ళు నేను చదివి తెలుగులో చెబుతుంటాను, తను వింటూ చూస్తుంది. 'కేబుల్ గర్ల్స్' మొదలుపెట్టిన కొత్తలో ఒక రోజు అమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కార్లోస్ వాళ్ళ అమ్మ దోన్యా కార్మెన్ తెర మీదికి వచ్చింది. డబ్బున్న ఇంటావిడ, ఖరీదైన బట్టలు, ఎదుటివాళ్ళని పురుగుల్లా చూసే చూపు. అమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని, "ఏమే, ఈవిడ ఆ హోటల్లో పనివాళ్ళ మీద పెత్తనం చేసే నల్ల గౌను ఆవిడ కదుటే? ఇక్కడ యజమానురాలైపోయిందేమిటి?" అంది. నేను కాదన్నాను. హోటల్లో ఆవిడ వేరు, ఇంకాస్త పెద్దది అని వాదించాను. తర్వాత అనుమానం వచ్చి పేర్లు చూస్తే ఆవిడే. కొంచా వెలాస్కో. 'గ్రాన్ హోటల్'లో పనివాళ్ళందరికీ పెద్ద అయిన దోన్యా ఆంహెలా, 'కేబుల్ గర్ల్స్'లో దోన్యా కార్మెన్.

ఎలా పట్టేశావమ్మా అంటే తను చెప్పింది ఇదే: "మాట అనే ముందు గడ్డం కాస్త పైకెత్తి, ఓ క్షణం ఆగి, అప్పుడంటుంది. అక్కడా అంతే చేసేది."

అప్పుడు నాకు విషయం అర్థమైంది. నేను ఇన్నాళ్ళూ సీరియల్ చూడటం లేదు, చదువుతున్నాను. నా కళ్ళు ఎప్పుడూ తెర అడుగునే ఉంటున్నాయి. స్పానిష్ వాళ్ళు గబగబా మాట్లాడతారు కాబట్టి సబ్‌టైటిల్ కూడా అంతే వేగంగా మారిపోతుంది. ఆ రెండు లైన్లు చదివి కళ్ళు పైకెత్తేలోపు షాట్ మారిపోతుంది. ఇక మనకి మిగిలేది మీసం, టోపీ, జుట్టు ముడి. వీటిని బట్టి మనిషిని గుర్తుపెట్టుకుంటే పీరియడ్ సీరియల్లో పప్పులో కాలేసినట్టే. 'గ్రాన్ హోటల్' నడిచే 1905 నాటి జుట్టు 'కేబుల్ గర్ల్స్' 1928కి ఉండదు, 'వెల్వెట్' 1958కి అసలే ఉండదు. మేకప్ వాళ్ళు మార్చేవే మనం పట్టుకుంటున్నాం. వాళ్ళు మార్చలేనివి పట్టుకోవాలి: గొంతు, నడక, ఆగి మాట్లాడే తీరు, నవ్వితే ముఖంలో ఏది ముందు కదులుతుంది అన్నది.

కాబట్టి నేను ఇప్పుడు చేసే పని చెబుతాను. కొత్త సీరియల్ అయితే మొదటి ఎపిసోడ్ రెండుసార్లు చూస్తాను. మొదటిసారి కథ కోసం. రెండోసారి సబ్‌టైటిళ్ళు తీసేసి, ఉత్త ముఖాల కోసం. కథ ఎలాగూ తెలుసు కాబట్టి టెన్షన్ ఉండదు. ఈ రెండో చూపులో దొరికినన్ని ముఖాలు పది ఎపిసోడ్లలో కూడా దొరకవు.

ఇక స్పెయిన్‌లో నటులు ఇంతమందేనా అన్న ప్రశ్న. చాలామందే ఉన్నారు. మనం చూస్తున్నవి మాత్రం ఎక్కువగా రెండు మూడు నిర్మాణ సంస్థల సరుకు. అదీ అసలు రహస్యం. రమోన్ కాంపోస్, తెరేసా ఫెర్నాండెస్-వాల్దెస్ 2007లో పెట్టిన బాంబూ ప్రొడక్షన్స్ అనే సంస్థ ఉంది. 'గ్రాన్ హోటల్' (2011-2013) వాళ్ళదే. 'వెల్వెట్' (2014-2016) వాళ్ళదే. 1921లో మెలియా పట్టణంలో నర్సుల కథగా నడిచే 'మొరాకో' (2017), నెట్‌ఫ్లిక్స్ స్పెయిన్‌లో తీయించిన మొట్టమొదటి సొంత సీరియల్ 'కేబుల్ గర్ల్స్' (2017-2020), ఓడలో హత్యలతో సాగే 'హై సీస్' (2019-2020), ఇవన్నీ వాళ్ళవే. తమకి నచ్చిన నటుల్ని వాళ్ళు వదులుకోరు. అమాయా సాలమాంకానే చూడండి. 'గ్రాన్ హోటల్'లో హీరోయిన్ అలీసియా, 'వెల్వెట్'లో పొగరుబోతు బార్బరా, 'మొరాకో'లో నర్సు హూలియా. 'గ్రాన్ హోటల్'లో అలీసియా అన్న హావియెర్‌గా తాగి తందనాలాడిన ఎలోయ్ అసొరీన్, 'హై సీస్'లో ఓడ యజమాని ఫెర్నాందో.

ఇది మనకి కొత్తేమీ కాదు. విజయా వారి 'పాతాళభైరవి'లో 1951లో ఎస్వీ రంగారావు మాంత్రికుణ్ణి చూసి హడలిపోయిన జనమే, నాలుగేళ్ళకి 'మిస్సమ్మ'లో జమీందారు గోపాలంగా ఆయన్ని చూసి మురిసిపోయారు. ఇంకో రెండేళ్ళకి 'మాయాబజార్'లో ఘటోత్కచుడన్నా ఒప్పుకున్నారు. ఎవరూ కన్‌ఫ్యూజ్ అవలేదు. ఎందుకంటే ఆ ముఖం, ఆ గొంతు ముందే మనవి. స్పానిష్ వాళ్ళతో మనకి కావలసింది ఆ పాటి పరిచయమే.

రెండో పెద్ద కుటుంబం దియాగొనల్ టీవీ. దీని మీద మనవాళ్ళు పెద్దగా దృష్టి పెట్టరు కానీ నాకు బాంబూ కంటే వీళ్ళ పని ఎక్కువ ఇష్టం. వీళ్ళ ముఖ్యమైన ముఖం రొదోల్ఫో సాంచో. 2005లో మొదలైన 'అమార్ ఎన్ తియెంపోస్ రెవుఎల్తోస్' అనే రోజువారీ సీరియల్ మొదటి సీజన్లో హీరో ఇతనే. తర్వాత 'లా సెన్యోరా' (2008-2010)లో ప్రేమించిన అమ్మాయికి దూరమై ఫాదరీ అయిన ఆంహెల్. తర్వాత 'ఇసబెల్' (2012-2014)లో ఆరగాన్ రాజు ఫెర్నాందో. ఇసబెల్ రాణిగా మిషెల్ జెనర్. 15వ శతాబ్దపు కస్టీలియా రాజకీయాలు 39 ఎపిసోడ్లలో నడుస్తాయి. వాళ్ళిద్దరి దాంపత్యం అందులో ప్రాణం లాంటిది. ప్రేమ ఉంది, పోటీ ఉంది, ఎవరి రాజ్యం ఎక్కువ అన్న లెక్క పడకగదిలో కూడా ఉంది.

ఇప్పుడు ఇది చూడండి. అదే సంస్థ 14వ శతాబ్దపు బార్సెలోనా కథగా 'కతెద్రల్ దెల్ మార్' (2018) తీసింది. అందులో ఆర్నౌగా ఐతోర్ లూనా, మార్‌గా మిషెల్ జెనర్. దాని కొనసాగింపు 'లోస్ హెరెదెరోస్ దె లా తియెర్రా' 2022లో వచ్చింది. ఆర్నౌ, మార్ దంపతుల కొడుకు బెర్నాత్ పెరిగి పెద్దవాడవుతాడు. ఆ పెద్ద బెర్నాత్ ఎవరు? రొదోల్ఫో సాంచో. పదేళ్ళ కింద మొగుడూ పెళ్ళాలుగా రాజ్యం ఏలిన ఇద్దరు ఇక్కడ కొడుకూ తల్లీ. మొదటిసారి ఇది తెలిసినప్పుడు నేను పాజ్ చేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆయన మిషెల్ కంటే పదేళ్ళ పైచిలుకు పెద్దవాడు. కథలో కాలం ముందుకి జరిగింది కాబట్టి లెక్క సరిపోతుంది. కానీ ఫెర్నాందోని చూసిన కళ్ళకి బెర్నాత్‌ని ఒప్పుకోవడానికి ఓ ఎపిసోడ్ పట్టింది. ఆ ఎపిసోడ్ గడిచాక ఫెర్నాందో మాయమైపోయాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

ఆ సీరియల్ హీరో హూగో ఎవరో మీకు తెలిసే ఉంటుంది, మీ 'గ్రాన్ హోటల్' హూలియోనే. యోన్ గొన్సాలెస్. ఇక్కడే మీకు ఇంకో ముడి విప్పుతాను. యోన్ గొన్సాలెస్, పైన చెప్పిన ఐతోర్ లూనా సొంత అన్నదమ్ములు. ఐతోర్ పెద్దవాడు. మొదటి కథకి అన్న హీరో, రెండో కథకి తమ్ముడు హీరో. మరి ఇంటిపేర్లు వేరెందుకు? స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి, మామూలుగా ముందు తండ్రిది, వెనక తల్లిది. వీళ్ళిద్దరూ గొన్సాలెస్ లూనాలే. తమ్ముడు తండ్రి వైపుది పెట్టుకున్నాడు, అన్న తల్లి వైపుది పెట్టుకున్నాడు. దవడ ఆకారం పోలి ఉందే అని నేను ఎప్పటినుంచో అనుకుంటున్నా, పేర్లు వేరు కావడంతో కొట్టిపారేశాను. కాబట్టి అక్కడ ఇంటిపేరు కలవలేదు కదా అని చుట్టరికాన్ని తోసిపుచ్చకండి. మిషెల్ పక్కన ఫెర్నాందోగా చేసిన రొదోల్ఫో సాంచో కూడా నటుడి కొడుకే. 1970లలో స్పెయిన్ అంతా చూసిన బందిపోటు సీరియల్ 'కుర్రో హిమెనెస్' హీరో సాంచో గ్రాసియా ఆయన తండ్రి. ఆ తండ్రి పేరులో సాంచో, గ్రాసియా రెండూ ఇంటిపేర్లే. అసలు పేరు ఫెలిక్స్ ఆంహెల్. 'గ్రాన్ హోటల్'లో అలీసియా తల్లి దోన్యా తెరేసాగా వణికించిన అద్రియానా ఒసోరెస్ కూడా నటుల వంశమే. తండ్రి హోసె లూయిస్ ఒసోరెస్, బాబాయిలు అంతోనియో, మరియానో అందరూ సినిమా వాళ్ళే. 'వెల్వెట్'లో క్రిస్తినాగా చేసిన మనుఎలా వెలాస్కో అయితే మన దోన్యా ఆంహెలా, అదే కొంచా వెలాస్కోకి మేనకోడలు. అమ్మకి ఇది చెబితే "ముక్కు చూస్తే తెలియడం లేదూ" అంది.

పేర్ల దగ్గర జాగ్రత్త పడాల్సిన చోటు ఇంకొకటుంది. అదే 'వెల్వెట్'లో మనుఎలా వెయ్యేస్ అని ఇంకో మనుఎలా ఉంది, లూయిసా పాత్రలో. ఇద్దరి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. 'కేబుల్ గర్ల్స్'లో అనా ఫెర్నాందెస్, అనా పొల్వొరోసా ఇద్దరూ ముఖ్య పాత్రలే, పైగా వాళ్ళిద్దరి కథా ఒకదాంతో ఒకటి అల్లుకుని ఉంటుంది. అద్రియానా ఒసోరెస్ వేరు, 'లా సెన్యోరా'లోనూ 'ద టైమ్ ఇన్ బిట్వీన్'లోనూ హీరోయిన్‌గా చేసిన అద్రియానా ఉగార్తె వేరు. మార్తాలు ఇద్దరున్నారు. 'గ్రాన్ హోటల్'లో బెలేన్‌గా చేసింది మార్తా లారాల్దె, 'వెల్వెట్'లో క్లారాగా చేసింది మార్తా అసాస్. మొదటి పేరుతో వెతికితే మీరు తప్పిపోవడం ఖాయం.

మరోపక్క, మొదటి పేరే కొన్నిసార్లు ఊరి గుట్టు విప్పుతుంది. ఐతోర్, యోన్, అసియెర్ అని ఉంటే బాస్క్ ప్రాంతం పేర్లు. మార్తిన్యో అంటే గలీసియా. యొరెన్స్ అంటే కటలాన్, మామూలు స్పానిష్‌లో అయితే లొరెన్సో అయ్యేవాడు. మన దగ్గర ఇంటిపేరు వినగానే ఏ జిల్లానో ఊహించినట్టు, ఇది అలవాటైతే మనిషి ఇంకాస్త దగ్గరగా తెలిసినట్టనిపిస్తుంది. 'కేబుల్ గర్ల్స్'లో కార్లోస్‌గా చేసిన మార్తిన్యో రివాస్ గలీసియా రచయిత మనుఎల్ రివాస్ కొడుకు.

ఈ మార్తిన్యోతోనే మీకు నేను చూపించాలనుకుంటున్న ఇంకో ముచ్చట ఉంది. 'కేబుల్ గర్ల్స్'లో లిదియా అటు ఫ్రాన్సిస్కోకి, ఇటు కార్లోస్‌కి మధ్య నలిగిపోతుంది కదా. లిదియా బ్లాంకా సువారెస్, ఫ్రాన్సిస్కో యోన్ గొన్సాలెస్, కార్లోస్ మార్తిన్యో. 2007 నుంచి 2010 దాకా స్పెయిన్‌లో 'ఎల్ ఇంతెర్నాదో' అని ఒక హాస్టల్ స్కూల్ మిస్టరీ సీరియల్ వచ్చింది. ఈ ముగ్గురూ అందులో స్కూలు పిల్లలు. బ్లాంకా హూలియా, యోన్ ఇవాన్, మార్తిన్యో మార్కోస్. ఇవాళ హాలీవుడ్‌లో ఉన్న అనా దె ఆర్మాస్ కూడా వాళ్ళ క్లాసే, కరొలీనా పాత్రలో. ఏడేళ్ళ తర్వాత అదే ముగ్గుర్ని 1928 మాద్రిద్‌కి తీసుకొచ్చి ప్రేమ త్రికోణంలో పెడితే అక్కడి ప్రేక్షకులకి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. ఒకరినొకరు చూసుకునే చూపుల్లో ఏదో పాత స్నేహం ఉందే అని నాకు మొదటి ఎపిసోడ్‌లోనే అనిపించింది. కారణం రెండేళ్ళకి తెలిసింది. 'ఎల్ ఇంతెర్నాదో' పీరియడ్ సీరియల్ కాదు, పొడుగు కూడా ఎక్కువే, 71 ఎపిసోడ్లు. కానీ వీలైతే మొదటి సీజన్ అయినా చూడండి. అందులో మార్తా అసాస్ టీచరమ్మ. 'వెల్వెట్'లో దోన్యా గ్లోరియాగా చేసిన నతాలియా మియ్యాన్ కూడా అక్కడుంటుంది.

మీ ఇంట్లో ఎవరైనా 'మనీ హైస్ట్' అనే దోపిడీ సీరియల్ చూసినవాళ్ళుంటే వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. మా అన్నయ్య కొడుకు ఈ పాత గౌనుల సీరియళ్ళ వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. ఒకసారి నీళ్ళ కోసం హాల్లోంచి వెళ్తూ, మేం 'గ్రాన్ హోటల్' చూస్తుంటే ఆగిపోయి "అత్తా, బెర్లిన్!" అని అరిచాడు. 'మనీ హైస్ట్'లో బెర్లిన్‌గా చేసిన పెద్రో అలోన్సోనే ఇక్కడ హోటల్ మేనేజర్ దోన్ దియెగో ముర్కీయా. ఆ మెత్తని గొంతు, తొందరపడకుండా బెదిరించే పద్ధతి రెండుచోట్లా ఒకటే. ఆ రోజు నుంచి వాడు మాతో కూర్చున్నాడు. తర్వాత వాడే ఒక్కొక్కర్నీ బయటికి లాగాడు. ప్రొఫెసర్‌గా చేసిన ఆల్వారో మోర్తె, 'ఎల్ సెక్రెతో దె పుఎంతె వియెహో' అనే రోజువారీ సీరియల్లో డాక్టరు. నైరోబీగా చేసిన అల్బా ఫ్లోరెస్, 'ద టైమ్ ఇన్ బిట్వీన్'లో మొరాకో అమ్మాయి హమీలా. చివరి భాగంలో టోక్యో అనే పాత్రకి పాత ప్రేమికుడు రెనేగా వచ్చినతను 'వెల్వెట్' హీరో మిగెల్ ఆంహెల్ సిల్వెస్త్రె. బెర్లిన్ కొడుకుగా చేసిన పాత్రిక్ క్రియాదో చిన్నప్పుడు 'అగీలా రోహా' అనే పీరియడ్ సీరియల్లో దొరసాని కొడుకు నూన్యో. బ్యాంకు దోచిన గుంపు అంతా ఒకప్పుడు గుర్రబ్బళ్ళ కాలంలో తిరిగినవాళ్ళే.

పైన చెప్పిన రోజువారీ సీరియళ్ళ గురించి ఒక్క మాట. మనకి తెలిసిన నటుల్లో చాలామంది అక్కడ రాటుదేలినవాళ్ళే. 'పుఎంతె వియెహో' 2011 నుంచి 2020 దాకా 2,300కి పైగా ఎపిసోడ్లు నడిచింది. 'గ్రాన్ హోటల్'లో మైతెగా చేసిన మెగన్ మొంతనెర్ అందులో మంత్రసాని పెపా. 'హై సీస్'లో కరొలీనాగా చేసిన అలెహాంద్రా ఒనియెవా కూడా అక్కడినుంచే వచ్చింది. వాటిని మొత్తం చూడమని చెప్పను, మనవల్ల కాదు. కానీ ఎవరైనా కొత్త ముఖం చాలా తొణక్కుండా చేస్తున్నారనిపిస్తే వెనక ఇలాంటి సీరియల్ ఒకటి ఉందేమో చూడండి, తరచూ ఉంటుంది.

ఇంగ్లిష్ డబ్బింగ్‌లో మాత్రం చూడకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. గొంతు పోతే మనిషి గుర్తులో సగం పోయినట్టే. మిషెల్ జెనర్ డబ్బింగ్ కళాకారిణి కూడా, హ్యారీ పాటర్ సినిమాల స్పెయిన్ డబ్బింగ్‌లో హెర్మయనీకి గొంతు ఇచ్చింది తనే. అలాంటి గొంతుని తీసేసి ఇంకొకరిది పెడితే ఇసబెల్ రాణి ఎక్కడుంటుంది? స్పానిష్‌లోనే వినండి, నాలుగు శబ్దాలు తెలిస్తే చాలు. రాతలో జె అని కనిపిస్తే 'హ' అని వినిపిస్తుంది, అందుకే మీరు జూలియో అని చదివేది వాళ్ళ నోట హూలియో. రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే 'య'. వి అక్షరం ఇంచుమించు 'బ'. జెడ్, ఇంకా ఇ, ఐ ముందు సి వస్తే స్పెయిన్‌లో నాలుక పళ్ళ మధ్య పెట్టి 'థ' లాంటి శబ్దం. ఇవి పట్టుబడితే తెర మీద పేరుకీ చెవిలో పడ్డ పేరుకీ లంకె కుదురుతుంది.

సబ్‌టైటిళ్ళ ఇంగ్లిష్‌లో ఒక ఇబ్బంది మాత్రం తప్పదు, చుట్టరికాలు. 'హై సీస్'లో అక్కచెల్లెళ్ళు ఎవా, కరొలీనాల వెంట పెద్రో అని ఒక పెద్దాయన ఉంటాడు. వాళ్ళు 'తియో' అంటారు, సబ్‌టైటిల్ 'అంకుల్' అంటుంది. అమ్మ వెంటనే "మేనమామా, పెదనాన్నా?" అంది. ఆవిడకి అది తేలకపోతే కథ ముందుకి సాగదు. ఇక్కడ మళ్ళీ ఇంటిపేరే ఆదుకుంది. ఆయనా విల్యనుఎవా, అమ్మాయిలూ విల్యనుఎవాలే, అంటే నాన్న వైపు. ఆ పాత్ర చేసింది హోసె సక్రిస్తాన్, 1937లో పుట్టిన మహానటుడు. 'వెల్వెట్'లోనూ ఆయన అలాంటి పెద్దరికం ఉన్న పాత్రే, హీరోయిన్ అనాని పెంచిన దోన్ ఎమిలియో. కోప్పడుతూనే ప్రేమించే మనిషి. ఆ నమ్మకం మనసులో పెట్టుకుని 'హై సీస్' చూడండి. అక్కడ ఆయన్ని ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది. ఈ వరసలో చూస్తేనే ఆ పాత్ర దెబ్బ గట్టిగా తగులుతుంది.

పేర్లు వెతికేటప్పుడు జాగ్రత్త. 'గ్రాన్ హోటల్' రెండో సీజన్ మధ్యలో నేను ఒక నటుడి పేరు కొట్టి వెతికాను. మొదటి ఫలితంలోనే ఆ పాత్ర ఎలా ముగుస్తుందో రాసిపెట్టి ఉంది. వారం రోజులు సీరియల్ చూడాలనిపించలేదు. ఇప్పుడు ఇంటర్నెట్ జోలికి పోను, టైటిల్స్ దాటవేయకుండా చదువుతాను. పాజ్ చేసి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. టైటిల్స్ చివర్లో 'కోన్ లా కొలబొరాథియోన్ ఎస్పెథియాల్ దె' అని కనిపిస్తే తర్వాత వచ్చేది సాధారణంగా ఒక పెద్ద నటుడి పేరు, ప్రత్యేక పాత్రలో. ఆ పేరు తప్పకుండా రాసుకోండి.

నా నోట్‌బుక్‌లో నటుడికి ఒక పేజీ. కొంచా వెలాస్కో పేజీలో పైన అమ్మ చెప్పిన మాట ఉంది: "గడ్డం ఎత్తి, ఆగి, అప్పుడంటుంది". కింద దోన్యా ఆంహెలా, దోన్యా కార్మెన్. దాని కింద 1984లో స్పెయిన్ ప్రభుత్వ టీవీ తీసిన 'తెరేసా దె హెసూస్', 16వ శతాబ్దపు సన్యాసిని ఆవిలా తెరేసా పాత్ర. అంటే ఆవిడ పీరియడ్ పాత్రలు ఈ హోటల్‌తో మొదలవలేదు. మనం చూసిన రెండూ డెబ్బై దాటాక చేసినవి. 2023 డిసెంబర్ 2న, 84 ఏళ్ళకి పోయారు. ఆ తేదీ కూడా ఆ పేజీలోనే రాశాను.

వరస అడిగారు కదా. కథాకాలం ప్రకారం చూడొద్దు, తీసిన సంవత్సరం ప్రకారం చూడండి. నటుల వయసు, అనుభవం పెరగడం కళ్ళకి కడుతుంది. మీరు 'గ్రాన్ హోటల్' చూసేశారు కాబట్టి 'కేబుల్ గర్ల్స్' కాసేపు ఆపి 'వెల్వెట్' మొదటి సీజన్ పూర్తి చేయండి. తర్వాత 'కేబుల్ గర్ల్స్', ఆపైన 'హై సీస్'. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి 'ద టైమ్ ఇన్ బిట్వీన్', 11 ఎపిసోడ్లే, మరియా దుఎన్యాస్ నవల ఆధారంగా తీశారు. కుట్టుపని చేసే అమ్మాయి మొరాకోలో దుకాణం పెట్టి గూఢచారిణి అయ్యే కథ. నటన పరంగా వీటన్నిటిలో నాకు అదే మేటి. దియాగొనల్ వాళ్ళవి వేరే దారి, 'ఇసబెల్' ముందు, తర్వాత 'కతెద్రల్ దెల్ మార్', తర్వాత దాని కొనసాగింపు. ఈ వరస మాత్రం తప్పొద్దు, తప్పితే పైన చెప్పిన మొగుడూ పెళ్ళాం, తల్లీ కొడుకు ముచ్చట పోతుంది. నెట్‌ఫ్లిక్స్ సొంతవి కానివి ఒక్కోసారి ఉంటాయి, ఒక్కోసారి తీసేస్తారు. దొరికినప్పుడే చూసేయండి.

ఇంకోటి, 'గ్రాన్ హోటల్' బయటి భవనం మీకు ఎక్కడైనా మళ్ళీ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అది సాంతాందెర్ నగరంలో సముద్రం ఒడ్డునున్న మగ్దలేనా భవనం, 13వ అల్ఫోన్సో రాజు కుటుంబం వేసవి విడిది. కథ జరిగే 1905 నాటికి నిజానికి ఆ భవనం ఇంకా కట్టలేదు. తెర మీద మాత్రం ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు, అంత బాగా ఇమిడిపోయింది.

ఇక మీ కుర్ర డిజైనర్. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అతను హోనాస్, నటుడి పేరు యొరెన్స్ గొన్సాలెస్. యోన్ గొన్సాలెస్‌కి ఏమీ కాడు, ఇంటిపేరు కలిసింది అంతే. మీరు అతన్ని చూసింది 'గ్రాన్ హోటల్'లోనే, 39 ఎపిసోడ్లూ చూశారు. వెయిటర్ యూనిఫాంలో, చేతిలో ట్రేతో, హూలియోకి ప్రాణస్నేహితుడిగా తిరిగిన ఆంద్రెస్ అతనే. దోన్యా ఆంహెలా కొడుకు. ఈసారి 'వెల్వెట్'లో అతను వచ్చే సీన్ దగ్గర సబ్‌టైటిళ్ళు తీసేసి చూడండి.